అమా అంటే అమ్మ కాదు

"ఇంతకీ ఆలిద్దరూ ఏ బాసలో మాటాడుకుంతన్నారమ్మా?"

కథ చదివి వినిపించి, బాగుందనో బాగోలేదనో అంటారని చూస్తూ కూర్చుంటే పెద్దాయన అడిగిన మొదటి మాట ఇది. నా దగ్గర జవాబు లేదు. పద్నాలుగు పేజీల కథ అది. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసే అప్పన్న అనే కళాసీ, రేవు గేటు దగ్గర గంపలో అన్నం పెట్టుకుని అమ్మే మా టిన్ అనే బర్మా ఆవిడ. కాలం 1941. జపానువాళ్ళు వస్తారో రారో తెలియని రోజులు. ఆ పద్నాలుగు పేజీల్లోనూ వాళ్ళిద్దరూ సింహాచలం కొండ గురించి, ష్వేడగోన్ పగోడా గురించి, తెల్లవాళ్ళ గురించి, యుద్ధం గురించి ఎంత చక్కగా మాట్లాడుకున్నారో చెప్పలేను. ఒకచోట మా టిన్ కర్మ గురించి పేరా పొడుగునా చెబుతుంది. అది రాసిన రోజు నా మీద నాకే ముచ్చటేసింది.

పెద్దాయన బర్మాలో పుట్టారు. వాళ్ళ నాన్న 1942లో అక్కణ్ణుంచి నడిచి వచ్చినవాళ్ళలో ఒకరు, యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళారు. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసి, మనవాళ్ళు ఓడల కొద్దీ తిరిగి వచ్చేస్తున్నప్పుడు ఈయన పదిహేడేళ్ళ కుర్రాడు. రంగూన్ అనరు, ఇప్పటికీ 'రంగం' అంటారు. ఆ ఊరి సంగతులు సరిచూసుకుందామని కథ ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. వీధుల పేర్లు తప్పుంటాయేమో అనుకున్నాను. ఆయన వీధుల జోలికే పోలేదు.

"బర్మా బాసలోనేనండీ" అన్నాను చివరికి, గొంతు సవరించుకుని.

"మీ అప్పన్నొచ్చి ఎన్నాళ్ళయిందన్నావు?"

"రెండేళ్ళు."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ రోజు నుంచీ నాకు ఒక జబ్బు పట్టుకుంది. వలస పాలన, యుద్ధం, రెండు జాతుల మధ్య స్నేహమో ప్రేమో ఉన్న చారిత్రక నవల ఏది చేతికొచ్చినా ముందు ఈ ప్రశ్నే వేస్తున్నాను. వీళ్ళు ఏ భాషలో మాట్లాడుకుంటున్నారు? ఎవరి భాష ఎవరు నేర్చుకున్నారు? ఎందుకు నేర్చుకోవలసి వచ్చింది? చాలా నవలలు ఇక్కడే కూలిపోతున్నాయి. మిగతావన్నీ సరిగ్గానే ఉంటాయి. తుపాకీ పేరు సరిగ్గా ఉంటుంది, యూనిఫాం గుండీలు సరిగ్గా ఉంటాయి, ఫలానా తేదీన వాన పడిందా లేదా అన్నది కూడా చూసుకుని రాస్తారు. మాటల దగ్గరకొచ్చేసరికి మాత్రం కెప్టెనూ సిపాయీ ఒకే కాలేజీలో చదువుకున్నట్టు మాట్లాడుకుంటారు.

"స్నేహానికి భాష అక్కర్లేదు" అనేవాళ్ళున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వలస రాజ్యంలో భాష ఊరికే గాలిలో లేదు. అదొక ఉద్యోగం, ఒక పరీక్ష, ఒక జీతం. భారత సైన్యంలో పనిచేసే ఇంగ్లీషు అధికారులు హిందూస్తానీ పరీక్ష పాసవ్వాలి. ఇది చదివి, "చూశారా, వాళ్ళు మన భాష నేర్చుకున్నారు" అని మురిసిపోయేవాళ్ళను చూశాను. వాళ్ళు నేర్చుకున్నది ఎక్కువగా ఏ వాక్యాలో ఒక్కసారి ఆలోచించండి. రా, పో, తీసుకురా, నిలబడు, గుర్రాన్ని కట్టు. ఆజ్ఞలు ఇవ్వడానికి నేర్చుకున్న భాషలో స్నేహం చెయ్యడం కుదరదని అనను. కానీ ఆ స్నేహం ఆజ్ఞల వాక్యాల మధ్య నుంచి దారి వెతుక్కుంటూ రావాలి. ఆ వెతుకులాట చూపించని నవల సగం పని మానేసినట్టే.

తెలుగులో రాసేవాళ్ళకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. నా లెక్కలో అది వరం. ఇంగ్లీషులో ఎదుటివాడు ఎవరైనా ఒకటే మాట, దాని వెనక రచయిత హాయిగా దాక్కోవచ్చు. మనకు నువ్వు, మీరు, తమరు ఉన్నాయి. కందకంలో రాత్రిపూట గాయపడ్డ కెప్టెనూ, పక్కనే సిపాయీ, మధ్యలో ఒక నీళ్ళ సీసా. సిపాయి ఏమంటాడు? "నువ్వూ తాగు" అంటాడా, "తమరు తాగండి దొరా" అంటాడా? 'నువ్వు' అని రాస్తే, ఏ రోజున, ఏ క్షణాన ఆ మాట మారిందో మీరు చూపించాలి. చూపించకపోతే అది అబద్ధం. 'తమరు' అని రాస్తే, ఇది స్నేహమే అంటున్న మీ మాట మీద పాఠకుడికి అనుమానం రావాలి, రానివ్వాలి. ఆ కెప్టెను మాత్రం సిపాయిని మొదటి పేజీ నుంచీ 'నువ్వు' అనే అంటుంటాడు. అది ఎవరికీ తప్పుగా అనిపించదు. అనువాదం చేసేటప్పుడైతే మరీ ఇబ్బంది. మూలంలో నున్నగా ఉన్న వాక్యం తెలుగులోకి వచ్చేసరికి నువ్వా మీరా అని అడ్డం తిరిగి కూర్చుంటుంది. సామ్రాజ్యం లోపలి మెట్లన్నీ మన క్రియాపదాల చివర కనిపిస్తాయి.

ఆ మెట్ల మధ్యలో నిలబడ్డ మనిషికి మన దగ్గర పాత పేరొకటి ఉంది: దుబాసీ. రెండు భాషలవాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట కాలిపోయిన కథ మనందరికీ తెలుసు. ఆ కథలో ఫ్రెంచివాళ్ళు 'పరాసులు', వాళ్ళ నాయకుడు బుస్సీ 'మూసా బూసీ'. మొస్యే అనే ఫ్రెంచి గౌరవపదం మన పల్లెల నోట్లో నలిగి మూసా అయింది. ఆ బుస్సీ పక్కన హైదరుజంగు అనే దుబాసీ ఉంటాడు. దొరకు రాజు మాట తెలియదు, రాజుకు దొర మాట తెలియదు. మధ్యవాడు ఏది చెబితే అది. జానపదులు ఈ సంగతి మరచిపోకుండా కథలో పెట్టుకున్నారు. వాళ్ళకున్న తెలివిలో సగం ఈనాటి చారిత్రక నవలల్లో కనబడదు. రెండు జాతుల మధ్య స్నేహం అంటే ఇద్దరి కథ కాదు, చాలాసార్లు ముగ్గురి కథ. మూడోవాణ్ణి రచయిత గదిలోంచి బయటికి పంపేస్తాడు, అంతే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ మూడోవాడు సెన్సారు ఆఫీసు రూపంలో కనబడతాడు. 1914 శరదృతువులో మన సిపాయిలు ఫ్రాన్సులో దిగారు. చాలామందికి చదువు రాదు. ఉత్తరం రాయాలంటే రాయడం వచ్చినవాడి దగ్గర కూర్చుని చెప్పాలి. ఆ ఉత్తరాలు సెన్సారు వాళ్ళు చదివి, ముఖ్యమనుకున్న ముక్కలు ఇంగ్లీషులోకి తిప్పి వారం వారం పైకి నివేదిక పంపేవారు. అసలు ఉత్తరాలు చాలామటుకు పోయాయి, ఆ ఇంగ్లీషు ముక్కలు మిగిలాయి. అంటే ఈరోజు ఏ నవలాకారుడైనా 1915 నాటి సిపాయి గుండె చప్పుడు వింటున్నానని అనుకుంటే, ఆయన వింటున్నది సిపాయి చెప్పగా, ఇంకో సిపాయి రాయగా, నిఘా పెట్టినవాడు అనువదించగా మిగిలిన మాట. తమ ఉత్తరాలు ఎవరో చదువుతున్నారని సిపాయిలకూ తెలుసు. అందుకే మిరియాల సంకేతం పుట్టింది. నల్ల మిరియాలు అంటే మనవాళ్ళు, ఎర్ర మిరపకాయ అంటే తెల్లవాళ్ళు. నల్లవి అయిపోవస్తున్నాయి, ఎర్రవి జాగ్రత్తగా దాచుకుంటున్నారు అని ఇంటికి రాస్తే, ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేది యుద్ధంలో ముందు ఎవరిని పెడుతున్నారో. సెన్సారు వాళ్ళకూ అర్థమైంది, కాబట్టే మనదాకా వచ్చింది.

1914 చివర్లో ఇంగ్లండులో బ్రైటన్ అనే సముద్రపు ఊళ్ళో రాజుగారి పాత విలాసభవనాన్ని భారత సిపాయిల ఆసుపత్రిగా మార్చారు. అక్కడ తొమ్మిది వంటశాలలు కట్టారు. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి వంట వేరు. హిందువులకూ ముస్లిములకూ నీళ్ళ కుళాయిలు వేరు. ఇంగ్లీషులో వచ్చే వ్యాసాలు, ప్రదర్శనలు ఈ తొమ్మిది వంటశాలల దగ్గర ఆగిపోవడం చాలాసార్లు చూశాను. ఎంత గౌరవం, ఎంత శ్రద్ధ! నిజమే, శ్రద్ధే. అదే ఊళ్ళో కిచెనర్ పేరున్న ఇంకో భారతీయ ఆసుపత్రి చుట్టూ ముళ్ళకంచె వేశారు, కాపలా పెట్టారు. కోలుకున్న సిపాయి తన ఇష్టానికి ఊళ్ళోకి వెళ్ళకూడదు, ముఖ్యంగా ఇంగ్లీషు ఆడవాళ్ళతో మాట కలపకూడదు. ప్రాణం ఇవ్వడానికి వచ్చినవాడు రోడ్డు మీద ఒక అమ్మాయితో నవ్వుతూ మాట్లాడితే సామ్రాజ్యం పరువు పోతుందని భయం. ఆ భయం వాళ్ళ కాగితాల్లోనే ఉంది. నవల రాసేవాళ్ళకు నేను చెప్పేదొకటే: వంటశాల రాస్తే కంచె కూడా రాయండి. నర్సు చెయ్యి సిపాయి నుదుటి మీద పడే దృశ్యం రాసేముందు, 1915లో ఆ నర్సులను అక్కణ్ణుంచి ఎందుకు తప్పించారో కనుక్కోండి. ఆ తరువాత కూడా ఆ చెయ్యి అక్కడే ఉందంటే, అప్పుడది నిజంగా కథ.

ఇవన్నీ కల్పనలో చెడిపోయే విషయాలు. కల్పన అవసరమే లేకుండా నన్ను పట్టుకున్నదొకటి ఉంది. బెర్లిన్‌కు దగ్గర్లో వున్స్‌డార్ఫ్‌లో జర్మన్లు యుద్ధఖైదీల శిబిరం పెట్టారు, పేరు నెలవంక శిబిరం. మనవాళ్ళను, ఆఫ్రికా నుంచి ఫ్రెంచివాళ్ళ తరఫున వచ్చిన ముస్లిములను అక్కడ ఉంచారు. వాళ్ళను తమవైపు తిప్పుకుందామని 1915లో ఒక మసీదు కూడా కట్టించారు. అక్కడికి జర్మన్ భాషాశాస్త్రవేత్తలు ధ్వనిముద్రణ యంత్రాలు పట్టుకుని వెళ్ళారు. ప్రపంచంలోని భాషలన్నీ ఒకే చోట కంచె లోపల దొరికాయి కదా, వాళ్ళకు పండగ. 1916 డిసెంబరు 11న మల్ సింగ్ అనే సిక్కు సిపాయి గొంతు రికార్డు చేశారు. ఒక నిమిషం పైచిలుకు. ఆయన తన గురించి 'నేను' అని చెప్పడు. ఒక మనిషి ఉండేవాడు అంటాడు. హిందూస్తాన్‌లో వెన్న తినేవాడు, పాలు తాగేవాడు. ఆ మనిషి యూరపు యుద్ధానికి వచ్చాడు. జర్మనీ ఆ మనిషిని పట్టుకుంది. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటే ఆ మనిషి చచ్చిపోతాడు. కథ చెబుతున్నట్టు అలా అలా చెప్పుకొచ్చి, చివరి వాక్యానికి వచ్చేసరికి ఉండబట్టలేదు కాబోలు, సంధి కుదిరితే 'మేము' వెళ్ళిపోతాం అంటాడు.

ఎదురుగా కూర్చున్నవాడు ఆయన మాట ఎంత శ్రద్ధగా వింటున్నాడో ఊహించండి. ఒక్క అక్షరం పోకూడదు. అచ్చులు ఎలా పలుకుతున్నాడు, స్వరం ఎక్కడ ఎత్తుతున్నాడు. జీవితంలో ఆ సిపాయి మాట అంత దగ్గరగా విన్నవాళ్ళు ఇంకెవరూ ఉండి ఉండరు. కానీ వింటున్నది గొంతును. ఇంటికి పంపమని ఆ గొంతు అడుగుతున్నదాన్ని కాదు. వలస యుద్ధంలో రెండు జాతుల మధ్య బంధం అంటే నాకు ముందు గుర్తొచ్చే దృశ్యం ఇదే. ద్వేషం లేదు, క్రూరత్వం కూడా లేదు. చెవి మాత్రం ఉంది.

ఇంత చెప్పాక, అసలు నిజమైన స్నేహాలే లేవా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక అక్కడి శిబిరాల్లోంచి బయటపడ్డ భారతీయ ఖైదీలను అబ్రుజో కొండల్లోని బీదరైతులు తమ ఇళ్ళల్లో, పశువుల కొట్టాల్లో దాచారు. దొరికితే జర్మన్లు కాల్చేస్తారు. వీళ్ళకు వాళ్ళ భాష రాదు, వాళ్ళకు వీళ్ళది రాదు. ఇక్కడ నా వాదానికి దెబ్బ తగిలిందని మీరనుకోవచ్చు. నాకు అలా అనిపించలేదు. అక్కడ ఒకరు ఇంకొకరి జీతగాడు కాదు. ఇద్దరూ బీదవాళ్ళు, ఇద్దరికీ ఆకలి తెలుసు. భాష లేకపోవడం ఇద్దరికీ సమానం. సమానంగా లేనప్పుడే నాకు పేచీ.

ఇంకో రకం పేచీ కూడా ఉంది. 'మంచి దొర' పేచీ. ఒక మంచి తెల్ల అధికారి, ఆయన మీద ప్రాణం పెట్టుకున్న నౌకరు, చివర్లో నౌకరు చనిపోతే దొర కన్నీరు. ఇలాంటి కథల్లో స్నేహం క్షమాపణ పత్రంలా పనిచేస్తుంది. వ్యక్తి మంచివాడని చెబుతూ చెబుతూ వ్యవస్థను దాటించేస్తారు. మంచి దొరలు లేరని కాదు. ఆ మంచితనం ఎవరి ఖర్చు మీద నడిచిందో లెక్క చెప్పమంటున్నాను. థాయిలాండ్ బర్మాల మధ్య జపానువాళ్ళు వేయించిన 415 కిలోమీటర్ల రైలుదారి గురించి ఎన్ని కథలొచ్చాయో. దాదాపు అన్నింట్లోనూ నలిగిపోయేది తెల్ల యుద్ధఖైదీలు, వాళ్ళకూ జపాను అధికారులకూ మధ్య పుట్టే వింత గౌరవం. ఖైదీలు పన్నెండు వేల మందికి పైగా చనిపోయారు, అది చిన్న విషయం కాదు. కానీ ఆ పట్టాల కింద పోయిన ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు. అందులో మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఎవరితో స్నేహం చేశారు? పక్క గుడిసెలో జావా కూలీతోనా? ఏ భాషలో? ఆ నవల నాకు కావాలి.

మన ఇంటి దగ్గరదే ఒకటి చెప్పి మళ్ళీ రంగానికి వస్తాను. 1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాటీలో అల్లూరి సీతారామరాజు మనుషులు పొదల్లో కూర్చున్నారు. కింద పోలీసు దళం నడుచుకుంటూ వస్తోంది. ముందు నడుస్తున్న మన పోలీసులను వదిలేసి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను మాత్రమే కొట్టారు. అందరూ రాజు గురించి రాస్తారు, రాయాలి కూడా. నాకు మాత్రం ఆ ముందు నడిచిన కానిస్టేబుల్ కావాలి. తుపాకీ తన మీదుగా జరిగి వెనక్కి పోయిందని అతనికి ఎప్పుడు తెలిసింది? ఆ రాత్రి అన్నం తిన్నాడా? మర్నాడు ఆ దొరల కోసం నిజంగా ఏడ్చాడా, ఏడ్చినట్టు నటించాడా, రెండూ కలిసిపోయాయా? ఇంత సరుకు చేతికి దగ్గరగా ఉంటే మనం కెప్టెను కందకాల కోసం పోతున్నాం.

సరే, రంగం.

మన కోస్తా నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి, దశాబ్దాల పాటు జనం స్టీమర్లెక్కి వెళ్ళారు. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ మనిషే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ ఊళ్ళో సగానికి పైగా భారతీయులే. రేవులో మోత పని ఎక్కువగా తెలుగువాళ్ళది. బర్మావాళ్ళు వీళ్ళను 'కోరంగీ' అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి ఒకప్పటి పెద్ద రేవు, 1839 తుపానులో నాశనమైంది. ఊరు పోయింది కానీ పేరు సముద్రం దాటి తిట్టుగా బతికింది. ఇలాంటిదే ఇంకొకటి: కంపెనీ సైన్యంలో చేరి ఉత్తరాదికి వెళ్ళిన మనవాళ్ళ వల్ల అక్కడ సిపాయి అంటేనే 'తిలంగా' అనే పేరొచ్చింది. పరాయివాళ్ళ నోట్లో మన పేరు ఒకచోట తుపాకీ, ఇంకోచోట మూట.

1930 మే నెలలో రేవు కూలీలు జీతం కోసం సమ్మె కట్టారు. ఓడల సరుకు ఎత్తించే, దించే స్టీవడోర్ కంపెనీలు వాళ్ళ చోట బర్మావాళ్ళను పనిలోకి తెచ్చాయి. సమ్మె సర్దుబాటు కాగానే ఆ బర్మావాళ్ళను పొమ్మన్నాయి. పొమ్మన్న రోజు ఉదయం, మే 26న, మొదలైన కొట్లాట రోజుల తరబడి సాగి వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఇందులో తెల్లవాడి చెయ్యి ఎక్కడా నేరుగా కనబడదు, అదే దాని నేర్పు. ఆకలితో ఉన్న రెండు జాతులను ఒకే గేటు ముందు నిలబెట్టి గేటు మూసేశాడు.

నా కథలో మా టిన్ అన్నం అమ్మేది ఆ గేటు దగ్గరే. ఇది తెలిసి కూడా నేను మొదటిసారి ఆవిడ చేత కర్మ గురించి చెప్పించాను.

రెండోసారి రాసినప్పుడు బెదిరిపోయి ఇంకో తప్పు చేశాను. మాటలన్నీ తీసేశాను. ఇద్దరూ చూసుకుంటారు, సముద్రం వైపు చూస్తారు, మళ్ళీ చూసుకుంటారు. పెద్దాయన కొంచెంసేపు విని, "ఇద్దరూ మూగోలేటమ్మా?" అన్నారు. అది కూడా సోమరితనమే అని అప్పుడు తెలిసింది. భాష రానివాళ్ళు మౌనంగా ఉండరు, నానా అవస్థ పడి మాట్లాడతారు. సగం హిందూస్తానీ, రంగూన్ బజార్లో ఎవరికీ సరిగ్గా రాకపోయినా అందరూ మాట్లాడింది అదే. కాసిని బర్మా మాటలు, చేతివేళ్ళు, ధరలు.

ఆయన కూర్చోబెట్టి నేర్పారు. తిట్, హ్నిట్, థోన్, లే, ఙా. ఒకటి నుంచి ఐదు. 'ఙా' అంటే ఐదు, 'ఙా' అంటే చేప కూడా. కొత్తగా వచ్చినవాడు చేప అడిగితే ఐదు పెట్టిందనో, ఐదడిగితే చేప పెట్టిందనో వాళ్ళ నాన్న కాలంలో గేటు దగ్గర రోజూ నవ్వులాటేనట. అన్నం 'థమిన్'. తినడం 'సా'. ఎవరైనా ఎదురుపడితే వాళ్ళు బాగున్నారా అని అడగరు, "థమిన్ సా పీబీలా?" అంటారు. అన్నం తిన్నావా? ఇది విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మనమూ అంతే కదా! సముద్రం ఇవతలా అవతలా ఒకటే పలకరింపు. తిన్నవాడు చివరి 'లా' తీసేసి "సా పీబీ" అంటాడు.

అన్నింటికన్నా ముఖ్యమైనది చివర్లో చెప్పారు. మనవాడు ఏ ఆడమనిషినైనా "అమ్మా" అనే పిలుస్తాడు కదా. బర్మా భాషలో 'అమా' అంటే అక్క. అప్పన్న "అమ్మా, థమిన్" అంటాడు, తల్లిని పిలిచినట్టు. మా టిన్‌కి "అక్కా, అన్నం" అని వినబడుతుంది. తనకన్నా పెద్దవాడు తనను అక్కా అంటున్నాడేమిటని మొదట నవ్వుకుంటుంది, తరువాత అలవాటు పడుతుంది. ఆయన తనను ఏమనుకుంటున్నాడో ఆవిడకు తెలియదు, ఆవిడకు ఏమని వినబడుతోందో ఆయనకు తెలియదు. ఆ పొరపాటు మీద రెండేళ్ళు అన్నం, అప్పు, నవ్వు నడిచాయి. నా పద్నాలుగు పేజీల తాత్వికత ఈ ఒక్క పదం ముందు దిగదుడుపు.

ఇందులో అందం మాత్రమే లేదు. ఆవిడ పక్కన కూర్చునే మనిషి 1930లో రేవులో పని పోగొట్టుకున్నవాడు కావచ్చు, అప్పన్నను చూసి, మనవాళ్ళను తిట్టే మాట, 'కలా' అని ఉమ్మవచ్చు. అప్పన్న కూడా తక్కువ తినలేదు. చేపలు పులియబెట్టి చేసే ఙాపీ వాసనకు ముక్కు మూసుకుంటాడు, ఊళ్ళో ఎండుచేప తిని పెరిగినవాడే. మా టిన్ చుట్ట కాలిస్తే మనసులో ఏదో అనుకుంటాడు. ఇవి కథలో పెట్టాక వాళ్ళ స్నేహం నాకు నమ్మబుద్ధైంది. అంతకుముందు కాలేదు.

1941 డిసెంబరు 23 పొద్దున జపాను విమానాలు వచ్చాయి. బాంబులంటే తెలియని జనం వీధుల్లో నిలబడి ఆకాశంలోకి చూశారు. వెయ్యిమందికి పైగా పోయారు. క్రిస్మస్ నాడు మళ్ళీ వేశారు. కళాసీలు మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచి నడక మొదలుపెట్టారు. రేవు ఆగిపోతే యుద్ధసామగ్రి దించేవాళ్ళు లేరని అధికారులు వాళ్ళను నచ్చజెప్పి వెనక్కి తేవడానికి చూశారు. తెల్ల కుటుంబాలకు ఓడల్లో చోటు దొరికినంత తేలిగ్గా వీళ్ళకు దొరకలేదు. 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది. నాలుగైదు లక్షలమంది కొండలూ అడవులూ దాటి ఇటు నడిచారు. ప్రోమ్ మీదుగా అరకాన్ వైపు కొందరు, కలేవా, తము మీదుగా మణిపురం వైపు కొందరు. కలరాతో, ఆకలితో దారిలో పోయినవాళ్ళు వేలల్లో. తెల్లవాళ్ళకో దారి, నల్లవాళ్ళకో దారి పెట్టారని అప్పుడే ఇక్కడ పెద్ద గొడవైంది. అంత దూరం నడిచి ఎలాగో విశాఖపట్నం చేరినవాళ్ళకు ఏప్రిల్ 6న అక్కడా జపాను బాంబులు ఎదురొచ్చాయి.

ఈ నడక మీద కూడా కథ రాయవచ్చు, ఎవరైనా రాస్తే వరసలో నిలబడి కొనుక్కుంటాను. నేను మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాను. మూడోసారి రాసిన కథ ఆరు పేజీలే. చివర అప్పన్న మూట భుజాన వేసుకుని వెళ్తూ గేటు దగ్గర ఆగుతాడు. గంప ఖాళీగా ఉంది, ఊళ్ళో బియ్యం దొరకడం లేదు. ఆవిడకు అతను ఐదణాలు బాకీ. ఆ మాట చెప్పడానికి అతనికి భాష సరిపోదు, ఉన్నది ఒక్క 'ఙా'. అది అంటే చేప అడుగుతున్నాడనుకుంటుందేమో. అందుకని ఏమీ అనడు. ఆవిడే రోజూ అడిగినట్టు అడుగుతుంది, థమిన్ సా పీబీలా అని. రెండు రోజులుగా అతను ఏమీ తినలేదు.

"సా పీబీ, అమ్మా" అంటాడు.

పెద్దాయనకు ఫోన్లో చదివి వినిపించాను. అవతల చాలాసేపు ఏమీ వినబడలేదు, లైను పోయిందేమో అనుకున్నాను.

"తినకపోయినా అలాగే అంతారమ్మా" అన్నారు. "మా నాన్నా అంతే అనీవోడు." మళ్ళీ కాసేపు ఆగి, "పీబీ అని అంత పొడుగ్గా లాగకు. తొందరగా అనీసి ఎల్లిపోవాల" అన్నారు.